72వ వంతు దూరం

అసలు విమానానికి కొట్టిన రంగునే ఎలాగో సంపాదించి బొమ్మ విమానానికి కొడితే అది తప్పు రంగవుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఈ పనిలోకి దిగిన ప్రతివాడూ కొన్నాళ్లకు కళ్లారా చూసేది ఇదే. రెక్క కొస నుంచి కొసకు 17 మీటర్లున్న బాంబర్‌ను 24 సెంటీమీటర్లకు కుదించి, ఆనాటి ఫ్యాక్టరీ లెక్కకు వీసమెత్తు తేడా రాకుండా కలిపిన ముదురాకుపచ్చను దాని మీద పూసి చూడండి. ముద్దగా, నల్లగా, ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. రంగులో లోపమేమీ లేదు, లోపించింది గాలి. నిజం విమానాన్ని ఎప్పుడూ కాస్త ఎడంగానే చూస్తాం. ఆ ఎడంలో దుమ్ముంటుంది, తేమ ఉంటుంది, చెదిరిన ఎండ ఉంటుంది. అవన్నీ రంగును కొంత వెలవెలబోయేలా చేసి మన కంటికి అందిస్తాయి. బల్ల మీది బొమ్మకూ నా కళ్లద్దాలకూ మధ్య అంత గాలి ఎక్కడిది? అందుకని ఆ లేని గాలిని సీసాలోనే కలుపుకోవాలి. నూటికి పదో పదిహేనో పాళ్లు తెలుపు, ఒక్కోసారి లేత బూడిద. నల్లటి టైరుకు నలుపు పనికిరాదు, ముదురు బూడిద వేయాలి. తెల్లటి అక్షరానికి స్వచ్ఛమైన తెలుపు పనికిరాదు. మోడలింగ్ చేసేవాళ్లు దీన్ని స్కేల్ ఎఫెక్ట్ అంటారు. నా మట్టుకు నేను దూరం కలపడం అనుకుంటాను.

లెక్క చూసినా అది దూరమే. 72వ వంతు బొమ్మను అరమీటరు ఎడం నుంచి చూడటమంటే అసలు విమానాన్ని 36 మీటర్ల నుంచి చూడటం. అంత దూరాన రివెట్లు కనబడవు. పైలట్ ఆ పొద్దున గడ్డం గీసుకున్నాడో లేదో తెలియదు. కనుక అవి బొమ్మ మీదా తెలియకూడదు. కిట్ తయారుచేసినవాళ్లు రేకు అతుకుల గీతలను ఎంత సన్నగా చెక్కినా, 72తో హెచ్చవేస్తే అవి చిటికెన వేలు దూరేంత సందులు. వాటి నిండా నల్ల వాష్, అంటే నీళ్లలాంటి పలచటి రంగు, పోసి మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. ఫినిషింగ్‌లో సగం పని, చూపించగలిగి కూడా చూపించకుండా ఆగడమే.

ఈ 72 ఎక్కడిదంటే, ఆరడుగుల మనిషిని ఒక్క అంగుళం చేస్తే వచ్చే లెక్క. 1930లలో ఇంగ్లండులో బొమ్మల కొలతగా మొదలై, యుద్ధం వచ్చేసరికి సైన్యాలకు అక్కరకొచ్చింది. ఆకాశంలో వస్తున్నది మనవాళ్లదా, పగవాళ్లదా అన్నది క్షణంలో తేల్చడం నేర్పాలంటే నమూనాలు కావాలి. 1942లో అమెరికా నౌకాదళం హైస్కూలు పిల్లలను 5 లక్షల చెక్క విమానాలు చెక్కిపెట్టమని అడిగింది. 72వ వంతు నమూనాను 35 అడుగుల దూరంలో పట్టుకుంటే, దాదాపు అరమైలు దూరాన అసలు విమానం ఎంత కనిపిస్తుందో అంత కనిపిస్తుంది. వాటి ఫినిషింగ్ ఒట్టి నలుపు. మచ్చల రంగుల్లేవు, గుర్తుల్లేవు. గుర్తుపట్టి కాల్చడానికి ఆకారం ఒక్కటీ చాలు. నా తీరిక వేళల సరదాకు పూర్వజన్మ అదీ.

బాన్సువాడలో ఈ పని చేయాలంటే కాలం చూసుకోవాలి. మాది నిజాంసాగర్ కింద వరి పండే ఊరు. కోతలు మొదలై రైస్ మిల్లులు అందుకున్నాయంటే ఊక దుమ్ము గాలిలో తేలుతూ ఉంటుంది, తడి వార్నిష్ ఎక్కడుందో వెతుక్కుని మరీ వచ్చి వాలుతుంది. వానాకాలం స్ప్రే కొడితే తేమ పట్టి లాకర్ మీద తెల్లటి పొర లేస్తుంది. మే నెలలో గన్నులోంచి బయటపడ్డ రంగు విమానాన్ని చేరేలోపే ఎండిపోయి, గరుకు పొడిలా అంటుకుంటుంది. అందుకని నా రంగుల కాలం సంక్రాంతి దాటాక మొదలై యాసంగి కోతల ముందే ముగుస్తుంది. అంత చిన్న కాలంలోనూ కరెంటు పోయిన సాయంత్రాలుంటాయి. అవి విమానం మీద అతికించే అక్షరాలు కత్తిరించడానికి.

ఒక సౌకర్యం కూడా ఉంది. ఇంటికి దగ్గర్లోనే డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. లారీలు, ట్రాక్టర్ ట్రాలీలు, హార్వెస్టర్లు అక్కడికొచ్చి కొత్త పెళ్లికొడుకుల్లా బయటికెళ్తాయి. రెక్కకూ పొట్టకూ మధ్య సందు పూడ్చడానికి వేలెడు లప్పం, వాళ్లు పారేసే వాటర్ పేపర్ ముక్కలు, అడగకపోయినా సలహాలు, అన్నీ నాకు అక్కణ్నుంచే. లారీకి పనికిరాకుండా అరిగిపోయిన రెండు వేల నంబర్ పేపర్ నా విమానానికి సరిగ్గా సరిపోతుంది. మేస్త్రి మాట నేను ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా చదవలేదు. “పల్చగ మూడు కోట్లు కొట్టుండ్రి సార్. ఒక్కటే కోటు దట్టంగ కొడితే కారుతది. కారినంక ఏడ్సినా రాదు.”

నేను ఎంచుకున్నది బ్రిస్టల్ కంపెనీ బ్లెన్‌హైమ్, నాలుగో మార్కు. స్పిట్‌ఫైర్‌లా అందగత్తె కాదు, లాంకాస్టర్‌లా పేరుమోసిందీ కాదు. ముగ్గురు మనుషులు, రెండు మెర్క్యురీ ఇంజన్లు, వెయ్యి పౌన్ల బాంబులు. 1935లో దీని తల్లి విమానం ఎగిరినప్పుడు ఫైటర్ల కన్నా జోరుగా పోతోందని బ్రిటన్ మురిసింది. నాలుగేళ్లు తిరిగేసరికి జర్మన్ ఫైటర్ల ముందు నెమ్మదైపోయింది. అయినా నేను దీన్నే పట్టుకోవడానికి కారణం స్క్వాడ్రన్. 110వ స్క్వాడ్రన్ పూర్తి పేరు 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్.

మన హైదరాబాద్ పేరు ఇంగ్లండు బాంబర్ల దళానికి ఎలా అంటుకుందంటే, దానికి మొదటి ప్రపంచ యుద్ధం దాకా వెళ్లాలి. 1917 నవంబర్‌లో పుట్టిన ఈ దళానికి మరుసటి ఏడాది డీహెచ్-9ఏ బాంబర్లు వచ్చాయి. ఆ రకం విమానంతో ఫ్రాన్స్‌లో యుద్ధానికి దిగిన మొదటి దళం ఇదే. ఆ మొదటి విమానాలన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక. ఒక్కో విమానం పక్కన, ఇది హైదరాబాద్ నిజాం ప్రభువులు సమర్పించినదని రాసి, హైదరాబాద్ ఇన్నో నంబరు అని వేశారు. 1918 సెప్టెంబర్ నుంచి ఆ విమానాలు పట్టపగలు జర్మనీ ఊళ్ల మీద బాంబులు వేశాయి. చాలా కూలిపోయాయి.

వాటిలో ఒకటి ఇప్పటికీ ఉంది. దాని నంబర్ ఎఫ్ 1010, పక్కన రాసిన పేరు హైదరాబాద్ నంబర్ 12ఏ. 1918 అక్టోబర్ 5న దాడికి వెళ్లి శత్రువుల చేత చిక్కింది. జర్మన్లు దాన్ని యుద్ధంలో గెలుచుకున్న వస్తువుగా బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే మ్యూజియం సామాను తూర్పుకు తరలించారు, అలా అది పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి దాన్ని మార్పిడికి తెచ్చుకుంది. ఇప్పుడు లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. ఫ్రాన్స్, జర్మనీ, పోలండ్, ఇంగ్లండ్ తిరిగింది. ఒంటి మీద రాసుకున్న ఊరిని మాత్రం చూడలేదు. బికనేర్ మహారాజుదేమో తిరగేసిన కథ. యుద్ధం అయ్యాక బ్రిటన్ ఆయనకు మిగిలిపోయిన డీహెచ్-9లు కానుకగా పంపితే, అవి ఏనుగుల శాలలో దుమ్ము కొట్టుకుని ఎనభై ఏళ్లకు బయటపడ్డాయి. ఒకటి తిరిగి ఇంగ్లండు వెళ్లి ఎగిరింది కూడా. రాజులు ఇచ్చిపుచ్చుకున్నవాటికి ఆయుష్షు గట్టిది.

కానుక సరే, పైసలెవరివి? నాకు రంగు ఆరేదాకా పని ఉండదు గనుక ఇలాంటివి తోస్తుంటాయి. నిజాం రాజ్యపు ఆదాయంలో పెద్ద పాలు భూమి శిస్తుది, ఆ పైన ఆబ్కారీ. 1918 అంటే మా వైపు ఇంకా నిజాంసాగర్ లేదు. అలీ నవాజ్ జంగ్ ఆ ప్రాజెక్టును మొదలుపెట్టింది 1923లో, పూర్తయింది 1931లో. మంజీర పక్కనే పారుతున్నా రైతుకు చెరువూ వానా తప్ప దిక్కు లేదు. 1918లో దేశంలో చాలా భాగం వాన మొహం ఎరగలేదు. దాని వెనకే ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను ఊడ్చింది. ఆ ఏడాదే, ఎండిన పొలం మీద కట్టిన శిస్తు ఎక్కడో ఫ్రాన్స్‌లో గుడ్డ రెక్కల విమానమై లేచింది. ఇచ్చినాయనకు ఆ యుద్ధకాలపు సాయానికి బ్రిటిష్ వాళ్లు బిరుదులు పెంచారు. మిగతా రాజులంతా హిజ్ హైనెస్ అయితే ఈయనొక్కడూ హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్. కట్టినవాళ్లకు ఆ విమానం ఆకారమైనా తెలియదు.

అయితే ఆయన్నే తిట్టుకుంటూ కూర్చోవడానికీ నాకు నోరు రాదు. నిజాంసాగర్ కట్టించిందీ ఆయన కాలంలోనే. ఆ నీళ్ల బియ్యమే తింటూ బాంబర్ లెక్క అడుగుతున్నాను. ఆనకట్టా, బాంబరూ ఒకే జమాఖర్చుల పుస్తకంలో ముందు పేజీ, వెనక పేజీ.

ఇక విమానం దగ్గరికి. భాగాలను సబ్బు నీళ్లలో కడిగి, అతికించి, లప్పం రుద్ది, బూడిద ప్రైమర్ కొట్టాక అసలు పని మొదలవుతుంది. ముందు పొట్ట. 1940లో ఈ బ్లెన్‌హైమ్‌ల పొట్టకు స్కై అనే రంగు వేసేవారు. పేరు ఆకాశమే అయినా అందులో నీలం వెతికితే దొరకదు, పచ్చదనం కలిసిన పాలిపోయిన రంగు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా ఆయన రహస్యంగా ఫొటోలు తీసే తన విమానాల కోసం కనిపెట్టిన ఛాయ అది. కింద నిలబడి తల ఎత్తిన మనిషికి విమానం ఆనవాలు దొరక్కుండా చేయడం దాని పని. వీపు మీద మట్టిరంగు, ముదురాకుపచ్చ మచ్చలు, పై నుంచి చూసే శత్రువుకు ఇంగ్లండు దుక్కి పొలంలో కలిసిపోవడానికి. మా ఊరి మీద శ్రావణ మాసంలో ఈ విమానం ఎగిరితే ఆ మచ్చలు కోసుకొచ్చి పెట్టినట్టు బయటపడతాయి, ఇక్కడి పచ్చ అంత పచ్చ. ఆ మచ్చలను చిత్తం వచ్చినట్టు వేసేవారనుకుంటారు చాలామంది. కాదు. పటం ఉండేది. సరి సంఖ్య విమానానికి ఒక తీరు, బేసి సంఖ్య విమానానికి అదే తీరు అద్దంలో చూసినట్టు ఎడమది కుడికి. చూపును తికమక పెట్టే మచ్చలకు కూడా రిజిస్టరు ఉంది.

ముక్కు దగ్గర నేను ఎక్కువ సేపు గడిపాను. మొదటి మార్కు బ్లెన్‌హైమ్‌ది పొట్టి ముక్కు. నావిగేటర్‌కు చోటు చాలడం లేదని నాలుగో మార్కులో దాన్ని మూడడుగులు సాగదీశారు. సాగదీస్తే పైలట్‌కు ఎదుట ఏమీ కనబడలేదు. అందుకని పైలట్ కూర్చునే ఎడమ వైపు మాత్రం ముక్కు పైభాగాన్ని లోతుగా దొలిచారు. ఎదురుగా చూస్తే మొహం ఒక పక్కకు వాలిపోయినట్టుంటుంది. ఆ వంకరే దాని అందం. ఆ చోట అద్దాల చట్రం గీతలన్నీ కోణం మారతాయి. ఒక్కో అద్దానికీ మాస్కింగ్ టేప్ కొలిచి, కొత్త బ్లేడుతో కోసి, పుల్లతో అంచులు నొక్కి, ముందు లోపలి వైపు కనిపించే రంగు, దాని మీద బయటి రంగు. టేప్ లాగేటప్పుడు ఊపిరి బిగపట్టే అలవాటు నాకు పోలేదు.

ఇంజన్ల ముందుండే వలయం ఇంకో చోటు. ఈ మెర్క్యురీ ఇంజన్ల పొగ ముందు వైపుకే వచ్చి, మూత అంచున ఉన్న ఆ వలయంలో చేరి, అక్కణ్నుంచి గొట్టంలోకి పోతుంది. అందుకని విమానం మొత్తంలో బాగా కాలేది అదే. కాలిన ఉక్కు రంగు సీసాలో దొరికేది నాకు నచ్చదు. రాగి రంగులో నల్ల చుక్క, గోధుమ చుక్క వేసి పూసి, ఆరాక ఉంగరపు వేలితో కాస్త వెండి పొడి రుద్దుతాను. ఒక చోట నీలం ఛాయ, పక్కన ఇత్తడి ఛాయ వస్తుంది. అరమీటరు ఎడం నుంచి చూస్తే ఇదేమీ తెలియదు. తెలియకపోయినా చేస్తాను. ఇందాక చెప్పిన సూత్రానికి ఇది విరుద్ధమే.

తరవాత వెదరింగ్, అంటే కొత్త విమానాన్ని వాడినట్టు చేయడం. స్పాంజి ముక్కతో వెండి రంగు అద్ది పెచ్చులూడినట్టు చూపడం, ఆయిల్ కలర్‌ను టర్పెంటైన్‌లో కరిగించి నూనె కారినట్టు లాగడం, పేస్టెల్ పొడితో మసి. షెడ్డు మేస్త్రి ఒకసారి ఇది చూసి అవాక్కయ్యాడు.

“ఇదేంది సార్? మేం డొక్కు బండిని తెచ్చి కొత్తగ జేస్తే పైసలిస్తరు. మీరేమో కొత్తదాన్ని తెచ్చి డొక్కు జేస్తున్నరు. మీకెవరిస్తరు?”

ఎవరూ ఇవ్వరని ఒప్పుకున్నాను. కానీ ఆయన మాట వేరే దారిలో నా పనిని మార్చింది. ఈమధ్య మోడళ్లలో మసి, తుప్పు, పెచ్చులు ఎక్కువైపోయాయి. యుద్ధ విమానమంటే చితికిపోయి ఉండాలన్నట్టు పోటీలు పడి పాడుచేస్తారు. నిజానికి 1940లో చాలా బ్లెన్‌హైమ్‌లకు పాతబడేంత ఆయుష్షే లేదు. ఆ ఏడాది ఆగస్టు 13న 82వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్‌లు 12 డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ మీదికి బయలుదేరాయి. ఒకటి దారిలో వెనక్కి తిరిగింది. వెళ్లిన 11లో ఒక్కటీ తిరిగి రాలేదు. మే నెలలో బెల్జియంలో గెంబ్లూ దగ్గరా అదే స్క్వాడ్రన్‌కు 12లో 11 పోయాయి. కొత్త రంగు వాసన పోకముందే కూలిన విమానాలకు మనం ఎండా వానా తిన్న ముసలితనం పూస్తున్నామన్నమాట. అందుకే నా బ్లెన్‌హైమ్‌కు పెద్దగా ఏమీ చేయలేదు. సిబ్బంది ఎక్కే చోట రెక్క మొదట్లో బూట్ల గీరలు, గొట్టం వెనక పలచటి మసి, చక్రాల మీద మట్టి. అంతే. పోటీకి పంపితే వెదరింగ్ చాల్లేదంటారు, అననీ.

ఈ స్క్వాడ్రన్ చేసిన పనుల్లో ఒకదాన్ని బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా తలచుకుంటాను. 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే బ్రిటిష్ వైమానిక దళం ఆ యుద్ధంలో తన మొదటి బాంబు దాడి చేసింది. ముందు నడిచింది 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్, వాటిషమ్ స్థావరం నుంచి 5 బ్లెన్‌హైమ్‌లతో, కెన్ డొరాన్ అనే ఫ్లైట్ లెఫ్టినెంట్ నాయకత్వంలో. విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు దగ్గర ఆగి ఉన్న అడ్మిరల్ షేర్ యుద్ధనౌక వాళ్ల గురి. మేఘాలు బాగా కిందికి దిగడంతో విమానాలూ ఓడ స్తంభాల ఎత్తుకు దిగాల్సి వచ్చింది. ఆ దిగువన డొరాన్‌కు ఏం కనిపించాయంటే, ఓడ వెనక భాగంలో నావికులు ఆరేసుకున్న బట్టలు.

ఆ బట్టల దగ్గర నేను ఆగిపోతాను. బాంబర్ పుట్టిందే దూరం కోసం. అంత ఎత్తున ఉంటేనే ఆ పని మనిషికి సాధ్యం. 3,000 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే 10 మీటర్ల ఇల్లు, అరమీటరు ఎడం నుంచి చూసిన ఒకటిన్నర మిల్లీమీటర్ల ముక్కంత. మా మిల్లుల్లో జల్లెడ కింద పడే నూకంత అన్నమాట. ఆ లెక్కన బాన్సువాడ మొత్తం ఒక చాటలో పడుతుంది. బస్టాండు, అంగడి, మిల్లులు, బడి, వాటి మధ్య ఎవరూ ఉండరు. నూకల మీద బాంబు వేయడానికి ఎవరి చెయ్యి వణుకుతుంది? ఆ రోజు మేఘాలు కిందికి దిగి ఆ దూరాన్ని లాగేశాయి. ఎవరో పొద్దున్నే ఉతుక్కుని పిండి ఆరేసుకున్న చొక్కాలు కనిపించాయి. డొరాన్ బాంబులు వేశాడు. ఆయన పని అది, మరో విధంగా చేసి ఉండాల్సిందని ఇక్కడ ఫ్యాన్ కింద కూర్చుని నేను చెప్పబోవడం లేదు. నౌకకు తగిలిన మూడు బాంబులు పేలనేలేదు. 110 నుంచి ఒక విమానం, వెనక వచ్చిన 107వ స్క్వాడ్రన్ నుంచి నాలుగు పోయాయి. ఒక బ్లెన్‌హైమ్ ఎమ్డెన్ అనే క్రూజర్ మీద కూలి కొందరు నావికులు చనిపోయారు. 110లో ఆ రోజు తిరిగి రాని పైలట్ ఇంటిపేరు కూడా ఎమ్డెనే. కూలింది ఆయన విమానమేనని చాలామంది రాశారు. కథల్లో రాస్తే ఎడిటర్ కొట్టేసే సంగతి.

కిందున్నవాళ్ల సంగతి తెలుగువాళ్లకు తెలియనిదేం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖ చాలావరకు ఖాళీ అయింది. అదే ఏడాది 110 స్క్వాడ్రన్ ఇంగ్లండు వదిలి భారతదేశం వచ్చింది. బ్లెన్‌హైమ్‌లు పోయి వెంజియన్స్ డైవ్ బాంబర్లు, తరవాత మస్కిటోలు. బర్మా యుద్ధం అయ్యేదాకా అటే ఉంది. ఇక కానుక ఇచ్చిన రాజ్యం సంగతంటారా, 1948 సెప్టెంబర్ పోలీసు చర్యలో భారత వైమానిక దళం టెంపెస్ట్‌లు నిజాం రాజ్యంలోని వరంగల్, బీదర్ విమానాశ్రయాల మీద దాడి చేశాయి. ఆ నెలతో నిజాం పాలన ముగిసింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రం కూడా మూడు ముక్కలై పటంలోంచి పోయింది. స్క్వాడ్రన్ మాత్రం 1971 దాకా, సింగపూర్‌లో హెలికాప్టర్లు నడుపుతూ కూడా, హైదరాబాద్ స్క్వాడ్రన్‌గానే ఉంది. దాని ముద్రలో పులి.

నా దగ్గరున్న డికాల్స్ (తడిపి అతికించే గుర్తులు) కాగితంలో 110వ స్క్వాడ్రన్ అక్షరాలు లేవు. వీ, ఈ అనే రెండక్షరాలు కావాలి, యుద్ధకాలంలో ఆ స్క్వాడ్రన్ గుర్తు అదే. మిగిలిపోయిన పాత కాగితాల్లోంచి ఏరుకున్నాను. డికాల్స్ అతికించడానికి ముందు విమానాన్ని నిగనిగలాడే గ్లాస్ కోటుతో కప్పాలి. గరుకు మీద అతికిస్తే అడుగున గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. నీళ్లలో నాననిచ్చి, కాగితం మీంచి జార్చి, తడి కుంచెతో సర్ది, మెత్తబరిచే మందు రాస్తే డికాల్ ముడతలు పడి భయపెట్టి, అరగంటకు తనే సర్దుకుని రేకు గీతల్లోకి దిగుతుంది. దాని మీద మ్యాట్ వార్నిష్. ఆ ఒక్క కోటుతో అంతదాకా ప్లాస్టిక్‌గా ఉన్నది హఠాత్తుగా లోహం అయిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. చివరికి ఏరియల్ తీగ. భాగాలు తీసేశాక మిగిలిన ప్లాస్టిక్ కడ్డీని దీపం మంట మీద తిప్పుతూ మెత్తబడ్డాక రెండు చేతులా లాగితే వెంట్రుక కన్నా సన్నగా సాగుతుంది. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, దాన్ని స్తంభం నుంచి తోకకు అంటించాలి.

స్టాండు మీద చిన్న చెక్కకు ఏం రాయాలో కొంత ఆలోచించాను. విమానం పేరు, స్క్వాడ్రన్ పేరు, ఏడాది మామూలే. ఆ కింద మొదటి యుద్ధపు విమానాల మీద ఉన్నట్టు నిజాం పేరు కాకుండా, ఇందూరు జిల్లా రైతుల శిస్తు అని రాశాను. బ్లెన్‌హైమ్‌లను నిజాం కొనివ్వలేదు కదా అని లెక్కలు తెలిసినవాళ్లు అడగొచ్చు. నిజమే. పేరు కొనిపెట్టింది మాత్రం ఆ మొదటి పైసలే.

చెక్క మీద అక్షరాలు షెడ్డు మేస్త్రితో రాయించాను, నంబర్ ప్లేట్లు రాసిన చెయ్యి. రాస్తూ రాస్తూ సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. ఫ్రాన్స్ గురించి గానీ బెర్లిన్ గురించి గానీ ఒక్క ప్రశ్న వేయలేదు.

“శిస్తు మా తాతలు గూడ కట్టిన్రు గద సార్. మరి గీ ఇమానంల మా వాటా ఏది?”

తోక చక్రం మీది అన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని, స్టాండు మీది విమానాన్ని జాగ్రత్తగా తిరగేసి, గోరుతో ఆ చక్రాన్ని కదిపి చూశాడు.

“తిరుగుతలేదు గద సార్ ఇది.”